కాలిన ముక్కా, నువ్వెవరి తాలూకు?

వజ్రపుకొత్తూరు దగ్గర జీడితోట ఉన్న మా మావయ్య మొన్న శ్రీకాకుళం వచ్చినప్పుడు సంచిలోంచి ముందు పనసకాయ తీశాడు. దాని కింద తువ్వాలులో చుట్టిన బేటరీ లైటు ఉంది.

"ప్లగ్గులో ఎట్టాను బాబూ. సిటపటమంది, కంపు కొట్టింది. ఆ మీదట మరెలగనేదు. పారేయమంటావేటి?"

రాత్రిళ్లు తోటల్లో ఎలుగుబంట్లు తిరిగే ఊరు వాళ్లది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక వాళ్ల ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్నుంచీ మావయ్య పక్కన లైటు లేకుండా పడుకోడు. పారేయమనడానికి నాకు నోరు రాలేదు. మరలు విప్పాను.

లోపల రెండు వేళ్ల వెడల్పు బోర్డు. ఒక మూల మసి పట్టింది. ఆ మసిలో వడ్లగింజకి కాస్త పెద్దదైన రెసిస్టర్ (కరెంటుని అడ్డుకుని తగ్గించే ముక్క) ఒకటి, ఒంటి మీది రంగు గీతలన్నీ పోయి బొగ్గుముక్కలా ఉంది. పోయింది ఏదో కంటికే కనిపిస్తోంది. కానీ అది ఎంత వేల్యూదో, అంటే ఎంత అడ్డుకుంటుందో, చెప్పే గీతలే కాలిపోయాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. షాపుకెళ్లి "ఇలాంటిదే ఇంకోటివ్వండి" అంటే కౌంటర్లో కుర్రాడు "వేల్యూ ఎంత సార్?" అంటాడు. అది తెలిస్తే ఈ తిప్పలెందుకు?

మన వైపు కొత్త మనిషి ఎదురైతే ముందు పేరు అడగరు. "ఎవరి తాలూకు?" అంటారు. ఎవరింటి మనిషో, ఎవరికి ఏమవుతాడో తేలితే పేరు అదే తెలుస్తుంది. కాలిన ముక్కనీ అదే అడగాలి. దాని మొహం మీది పేరు చెరిగిపోయినా, దాని ఒక కాలు ఎవరి దగ్గరికి వెళ్లింది, రెండో కాలు ఎవరి దగ్గరికి వెళ్లింది అన్నవి బోర్డు వెనకాల రాగి గీతల్లో భద్రంగా ఉంటాయి. మసిని పాత టూత్‌బ్రష్‌తో, కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బోర్డుని సెల్‌ఫోన్ లైటుకి అడ్డంగా పెట్టి చూస్తే గీతల దారి కనిపిస్తుంది.

ఆ దారి అర్థం కావాలంటే ఈ రకం లైటు ఎలా ఛార్జ్ అవుతుందో కొంచెం తెలియాలి. రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే చౌక లైట్లు చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 230 వోల్టుల కరెంటుని 4 వోల్టుల సీసపు బ్యాటరీ తట్టుకునేంతగా తగ్గించేది ఒకే ఒక్క కండెన్సర్. నూతిలోంచి చెంబుతో నీళ్లు తోడటం ఊహించుకోండి. చెంబు ఎంత పెద్దది, ఎన్నిసార్లు తోడాం అన్నదాన్ని బట్టే గాబులోకి నీళ్లు చేరతాయి. కండెన్సర్ ఆ చెంబు. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, 1 మైక్రోఫారడ్ చెంబుతో 230 వోల్టుల దగ్గర దాదాపు 72 మిల్లీయాంప్స్ మాత్రమే అవతలికి వెళ్తుంది. మావయ్య లైటులో ఉన్న 900 మిల్లీయాంప్ అవర్ బ్యాటరీ నిండాలంటే లెక్క ప్రకారమే పన్నెండున్నర గంటలు. మధ్యలో వృథా కూడా కలుపుకుంటే ఇంకా పైనే. "రాత్రంతా ఎట్టాలి" అని ఊళ్లో చెప్పే మాట వెనకాల ఉన్న లెక్క ఇదే.

ఇక దారి ఇలా సాగుతుంది. ప్లగ్గు పిన్ను నుంచి ఒక చిన్న రెసిస్టర్, దాని తర్వాత కండెన్సర్, ఆ కండెన్సర్ రెండు కాళ్లకీ అడ్డంగా ఇంకో రెసిస్టర్, ఆ తర్వాత కరెంటుని ఒకే వైపు పోనిచ్చే నాలుగు డయోడ్లు, చివర బ్యాటరీ. ఛార్జింగ్ సూచించే ఎర్ర లైటుకి విడిగా ఒక రెసిస్టర్. అంటే కాలిన ముక్కకి మూడే మూడు వంశాలున్నాయి. దాని కాళ్లు రెండూ కండెన్సర్ రెండు కాళ్లకే కలిసి ఉంటే అది బ్లీడర్, ప్లగ్ తీశాక కండెన్సర్లో మిగిలిన కరెంటుని ఖాళీ చేసేది. దాని వేల్యూ లక్షల ఓమ్‌లలో (ఓమ్ అంటే అడ్డుకునే బలానికి కొలత) ఉంటుంది. ఒక కాలు ఎర్ర లైటుకి వెళ్తే ఆ లైటు తాలూకు. ఒక కాలు ప్లగ్గుకీ, రెండో కాలు కండెన్సర్‌కీ వెళ్తే అది గుమ్మం దగ్గర కాపలావాడు. ప్లగ్ పెట్టిన క్షణం, 230 వోల్టుల కరెంటు ఊగుతూ తాకే 325 వోల్టుల శిఖరం దగ్గర పడితే లోపలికి దూకే కరెంటుని ఆపడానికి పెట్టిన రెసిస్టర్. దాని వేల్యూ పదుల ఓమ్‌ల నుంచి వంద, నూట యాభై దాకా ఉంటుంది.

మావయ్య లైటులో కాలింది ఈ కాపలావాడే.

ఇప్పుడు ఖచ్చితమైన వేల్యూ. దీనికి పాత రేడియో మెకానిక్‌ల చిట్కా ఒకటుంది. కాలిన రెసిస్టర్ ఎక్కడో ఒక చోట తెగి ఉంటుంది, మొత్తం మాయమైపోదు. బ్లేడుతో పైపూత గీరి, ఒక కాలు నుంచి తెగిన చోటు దాకా ఎంతో మల్టీమీటర్‌తో కొలవాలి. అవతలి వైపు నుంచీ అలాగే కొలిచి రెండూ కలపాలి. నాకు ఒకవైపు 21, ఇంకోవైపు 24 వచ్చింది. మొత్తం 45. రెసిస్టర్లు అడిగిన ప్రతి అంకెలోనూ దొరకవు. 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82 మెట్లలోనే ఎక్కువగా వస్తాయి. 45కి దగ్గర మెట్టు 47. పైగా కాలిన చోట కొంచెం పోయి ఉంటుంది కదా. ఈ చిట్కా ప్రతిసారీ పనిచేస్తుందని హామీ ఇవ్వను. మరీ బొగ్గయిపోతే పనికిరాదు. వంశాన్ని బట్టి వచ్చిన అంచనాతో కలిపి చూస్తేనే దీనికి విలువ.

47 ఓమ్‌ల రెసిస్టర్ వేసేసి మూత బిగిస్తే? మళ్లీ సిటపట, మళ్లీ కంపు.

రిపేరులో నేను ఎక్కువసార్లు మోసపోయిన చోటు ఇదే కాబట్టి కొంచెం ఆగుతాను. ముందు నేను వెతికేవాణ్ని ఏది కాలింది అని. అడగాల్సింది, ఇది కాలడానికి ఎవరు కారణం అని. లెక్క వేసి చూడండి. మామూలుగా ఈ రెసిస్టర్‌లోంచి వెళ్లేది 72 మిల్లీయాంప్స్. దానికి 47 ఓమ్‌లలో పుట్టే వేడి పావు వాట్ కూడా కాదు. వెచ్చబడుతుంది, అంతే. అవతల డయోడ్ షార్ట్ అయిందనుకుందాం, అంటే అడ్డనేదే లేకుండా కరెంటు వదిలేస్తోందని. అప్పుడూ కండెన్సర్ అడ్డం ఉంది, చెంబుకి మించి తోడనివ్వదు, రెసిస్టర్ బతికే ఉంటుంది. బ్యాటరీ షార్ట్ అయినా అంతే. ఇది మసి కావాలంటే చెంబుకే చిల్లు పడాలి. కండెన్సర్ షార్ట్ అయితే 230 వోల్టులూ నేరుగా 47 ఓమ్‌ల మీద పడతాయి. దాదాపు 5 యాంప్స్, వెయ్యి వాట్లు దాటిన వేడి. వడ్లగింజంత రెసిస్టర్ మీద ఇస్త్రీపెట్టె వేడంతా పడినట్టు. ఒక్క క్షణంలో అది కాలి తెగిపోయింది కాబట్టే బ్యాటరీ పేలకుండా మిగిలింది. కాపలావాడు ప్రాణమిచ్చి ఇల్లు కాపాడాడు, దొంగ మాత్రం లోపలే ఉన్నాడు.

కండెన్సర్ పైకి మాత్రం నిగనిగలాడుతూ, పెళ్లికొడుకులా ఉంది. మీటర్ ముళ్లు పెట్టగానే ఆగకుండా కూత. షార్ట్.

దాని ఒంటి మీద 105జె 400వి అని ఉంది. 105 అంటే నూట అయిదు కాదు. 10 పక్కన అయిదు సున్నాలు, పికోఫారడ్లలో. అంటే 1 మైక్రోఫారడ్. జె అంటే అటూ ఇటూ 5 శాతం తేడా. 400 వోల్టులు అన్నది డీసీ, అంటే ఊగకుండా ఒకే వైపు పారే కరెంటు లెక్క. గోడ కరెంటు శిఖరం 325 వోల్టులు కాబట్టి కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. కానీ సెకనుకి వంద సార్లు ఆ శిఖరం తాకుతూ, మధ్యలో లైన్లో వచ్చే ఎగుడుదిగుళ్లు కూడా భరించాలి. అలాంటి చోట వేయాల్సింది ఎక్స్2 రకం, మీద 275 వోల్టుల ఏసీ అని ముద్ర ఉన్నది. పాత టీవీ బోర్డుల్లో కరెంటు లోపలికి వచ్చే చోట పసుపు రంగు డబ్బాలా కనిపించేది సాధారణంగా అదే. నాకు 105 దొరకలేదు, 474లు రెండు దొరికాయి. ఒక్కోటి 0.47 మైక్రోఫారడ్. పక్కపక్కన కలిపితే 0.94. ఛార్జింగ్‌కి ఓ ముప్పావు గంట ఎక్కువ పడుతుంది, మావయ్యకి ఆ తొందర లేదు. కాకపోతే రెండూ లావుగా ఉండి మూత పట్టలేదు. చివరికి పక్కకి పడుకోబెట్టి, కాళ్లకి స్లీవ్ తొడిగి సర్దాల్సి వచ్చింది.

కండెన్సర్లు ఎప్పుడూ ఇలా ఆర్భాటంగానే చావవు. ఈ ప్లాస్టిక్ ఫిల్మ్ కండెన్సర్లకి ఒక గుణముంది. లోపల చిన్న రంధ్రం పడితే ఆ చుట్టూ ఉన్న పలుచటి లోహపు పూత ఆవిరైపోయి, గాయం తానే మానిపోతుంది. కానీ మానిన ప్రతిసారీ చెంబు కొంచెం చిన్నదవుతుంది. 105 అని రాసి ఉన్న కండెన్సర్ కొలిస్తే 0.38 చూపించిన లైటు నా చేతికొచ్చింది. చూడటానికి ఏదీ కాలలేదు, ఎర్ర లైటు వెలుగుతోంది, కానీ రాత్రంతా పెట్టినా మూడో వంతు కూడా నిండదు. జనం బ్యాటరీ పోయిందనుకుని కొత్త బ్యాటరీ కొంటారు. అదీ నిండదు. సీసపు బ్యాటరీని సగం ఆకలితో నెలల తరబడి ఉంచితే నిజంగానే పాడైపోతుంది కూడా.

మావయ్య మధ్యలో ఇంకో మాట అన్నాడు. "నెల్లాళ్ల బట్టీ ప్లగ్గు తీసాక పిన్నులు తగిల్తే జిల్లుమంటన్నాయి." ఈ మాట నాకు మీటర్ కంటే ఎక్కువ చెప్పింది. ప్లగ్ తీశాక కూడా షాక్ కొడుతోందంటే కండెన్సర్లో మిగిలిన కరెంటు ఖాళీ కావడం లేదని, బ్లీడర్ తెగిపోయిందని అర్థం. దాని గీతలు శుభ్రంగానే ఉన్నాయి: పసుపు, ఊదా, పసుపు. 4, 7, తర్వాత నాలుగు సున్నాలు, 470 కిలో ఓమ్‌లు. కాలిన గుర్తే లేదు. ఒక కాలు ఊడదీసి కొలిస్తే మీటర్ అసలు కదల్లేదు.

కాలు ఎందుకు ఊడదీయాలంటే, బోర్డు మీదుండగా కొలిస్తే పక్కవాళ్ల దారులు కూడా కలిసి అంకె తగ్గిపోతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. కండెన్సర్లు ఖాళీ చేశాక బోర్డు మీదున్న రెసిస్టర్ రాసిన దానికంటే తక్కువ చూపిస్తే అది అబద్ధం కావచ్చు. బాగా ఎక్కువ చూపిస్తే అది పోయినట్టే. ఈ బ్లీడర్ పోవడానికీ కారణముంది. పావు వాట్ రెసిస్టర్లలో చాలావాటికి 250 వోల్టుల దాకానే భరోసా. గోడ కరెంటు రోజూ ఆ అంచు మీదే నడిపిస్తుంది. అందుకే ఒకటి బదులు 220 కిలో ఓమ్‌లవి రెండు వరసగా వేశాను, వోల్టేజీ చెరిసగం పంచుకుంటాయని.

ఈ రకం బోర్డు మీద చెయ్యి వేసే ముందు ఒక హెచ్చరిక, నవ్వులాటకి కాదు. ట్రాన్స్‌ఫార్మర్ లేదు కాబట్టి ప్లగ్గులో ఉన్నంతసేపూ బ్యాటరీ తీగ సహా లోపల ఉన్నదంతా గోడ కరెంటుతో కలిసే ఉంటుంది. "4 వోల్టులే కదా" అని ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ప్లగ్గులో పెట్టి కొలిచే పని అసలు పెట్టుకోకండి. తీసేశాక కూడా ముందు కండెన్సర్ రెండు కాళ్లనీ పాత ఫిలమెంట్ బల్బు తీగలతో ఒకసారి తాకించి ఖాళీ చేయాలి. అలాగే, ఛార్జింగ్‌లో ఉండగా లైటు వేయకూడదనడం చాదస్తం కాదు. బ్యాటరీ పాడై తీసుకోవడం మానేస్తే కండెన్సర్ నుంచి వచ్చే కరెంటంతా ఎల్ఈడీల మీదే పడుతుంది. అవి మాడిపోతాయి.

అదే వారం మా వీధిలో పిన్నిగారి అబ్బాయి లిథియం బ్యాటరీ లైటు పట్టుకొచ్చాడు. ఇది వేరే లోకం. రంగు గీతలుండవు, అన్నీ చీమల సైజు. ఎనిమిది కాళ్ల ఐసీ (చిప్) ఒకటి, నడి వీపు మీద గొయ్యి పడి ఉంది. పేరున్న చోటే పేలింది. మళ్లీ అదే ప్రశ్న. నువ్వెవరి తాలూకు?

మీటర్ కంటిన్యూటీలో, అంటే దారి కలిస్తే కూసే చోట, పెట్టి ఒక్కో కాలినీ అడిగాను. మూడో కాలు బ్యాటరీ మైనస్‌కి. నాలుగోది ఛార్జింగ్ పిన్ను ప్లస్‌కి. అయిదోది బ్యాటరీ ప్లస్‌కి. ఆరు, ఏడు చెరో చిన్న ఎల్ఈడీకి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. రెండో కాలు 122 అని రాసి ఉన్న చిన్న రెసిస్టర్ మీదుగా మైనస్‌కి. ఇన్ని బంధుత్వాలు కలిశాక పేరెందుకు? లిథియం బ్యాటరీని 4.2 వోల్టుల దాకా నింపి ఆపేసే టీపీ4056 ఛార్జింగ్ ఐసీ. 122 అంటే 12 పక్కన రెండు సున్నాలు, 1200 ఓమ్‌లు. ఆ ఐసీ ఎంత కరెంటుతో నింపాలో చెప్పేది ఆ రెసిస్టరే. 1200 ఓమ్‌లకి 1 యాంప్, 2000 ఓమ్‌లకి 580 మిల్లీయాంప్స్. పక్కన రాగి చుట్ట ఉండుంటే కథ వేరు, అప్పుడది వోల్టేజీ పెంచే రకం ఐసీ అయ్యుండేది.

మరి దొంగ ఎవరు? బోర్డంతా వెతికినా ఇంకేదీ పోలేదు. చివరికి కుర్రాణ్ని "దేంతో ఛార్జింగ్ పెట్టావు?" అని అడిగితే టీవీ సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ అన్నాడు. పిన్ను సరిపోయిందట. ఆ అడాప్టర్ 12 వోల్టులు. ఈ ఐసీ గరిష్ఠంగా తట్టుకునేది 8. దొంగ బోర్డు మీద లేడు, టీవీ వెనకాల ఉన్నాడు. అడాప్టర్ మీద అవుట్‌పుట్ అని రాసి ఉన్న అంకె చూడకుండా పిన్ను సైజు చూసి పెట్టడం మన ఇళ్లలో మామూలే.

కొత్త ఐసీ వేసే ముందు బ్యాటరీ చూడాలి. పేలిన ఛార్జింగ్ ఐసీ అడ్డులేకుండా కరెంటు వదిలేసి ఉంటే బ్యాటరీ 4.2 దాటిపోయి ఉండొచ్చు. ఉబ్బినా, సొట్టపోయినా, 4.25 దాటినా, 2 వోల్టుల కిందికి పడిపోయినా ఆ సెల్లుని బతికించే ప్రయత్నం వద్దు. ఈ కుర్రాడి సెల్ 3.6 చూపించింది, అదృష్టవంతుడు. ఐసీ మార్చడానికి వేడిగాలి బ్లోయర్ ఉన్న సెల్‌ఫోన్ రిపేర్ మిత్రుడి దగ్గరికి వెళ్లాను. చాలా టీపీ4056లకి పొట్ట కింద కూడా లోహం బోర్డుకి అతికి ఉంటుంది, ఒట్టి సోల్డరింగ్ ఐరన్‌తో లేవదు. పనిలో పని, 122 తీసి 202 వేయించాను. ఒక యాంప్‌తో నింపేటప్పుడు ఆ ఐసీలో ఒకటిన్నర వాట్ల వేడి పుడుతుంది, గాలాడని ప్లాస్టిక్ గొట్టంలో అది ఎక్కడికి పోతుంది?

టంకం పని గురించి పెద్దగా చెప్పను, చేతికి అలవాటైతే వచ్చేదే. ఒక్కటి మాత్రం. అల్యూమినియం పలక మీద అతికిన పెద్ద ఎల్ఈడీని ఐరన్‌తో ఊడదీయాలని చూస్తే వేడంతా పలక తాగేస్తుంది. ఇస్త్రీపెట్టె తిరగేసి దాని మీద పలక పెడితే టంకం కరగ్గానే పట్టకారుతో ఎత్తేయొచ్చు. మామూలు సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అట్లపెనం కూడా చాలు. ఆ పెనం మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

నిజం చెప్పాలంటే నా దగ్గరికొచ్చే లైట్లలో చాలావాటికి ఏమీ కాలి ఉండదు. 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న జిల్లాలో ఉప్పుగాలికి స్విచ్చు రేకులు, స్ప్రింగులు ఆకుపచ్చగా చిలుము పడతాయి. స్విచ్చు రెండు కాళ్లనీ తీగముక్కతో కలిపితే లైటు వెలిగిందంటే బోర్డు జోలికే పోనక్కర్లేదు. ఇంకో రకం ఉంది. టైప్-సి లైటు, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఎక్కదు, పాత వెడల్పు పిన్ను ఛార్జర్‌తో మాత్రం చక్కగా ఎక్కుతుంది. అందులో ఏ ముక్కా పాడవలేదు. 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెట్టడం తయారీలోనే ఎగ్గొట్టారు. అవి లేకపోతే కొత్త రకం ఛార్జర్‌కి అవతల ఎవరైనా ఉన్నారనే తెలియదు, కరెంటు వదలదు.

మావయ్య లైటు ఆ రాత్రంతా ప్లగ్గులో ఉంది. పొద్దున్న ప్లగ్ తీసి అయిదు నిమిషాలాగి చూస్తే సీసపు బ్యాటరీ 4.2 దాటింది, పిన్నుల మధ్య సున్నా. మూత బిగించే ముందు లోపలివైపు మార్కర్‌తో రాశాను: 47 ఓమ్‌లు, 474 రెండు, 220కె రెండు, నెల, ఏడాది. ఈసారి కాలితే దీన్ని విప్పేవాడికి నాలాగా బొగ్గుని గీరే పని ఉండదు.

మావయ్య కళ్లజోడు సర్దుకుని అక్షరం అక్షరం చదివాడు.

"ఇదేటి బాబూ, జాతకం రాసీసినావు?"

అవునన్నాను. లైటు ఒకసారి గోడ మీదికి వేసి, ఆర్పి, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టాడు. తర్వాత పనసకాయ ముందేసుకుని, చేతులకి రాసుకోవడానికి నూనె తెమ్మన్నాడు.